పదిమంది ఉండాలి

ఖాదర్ వలి మాస్టారు ఆ రోజు అన్నం ముట్టలేదు.

రోజూ పన్నెండు దాటగానే పున్నమ్మ ఒక పళ్ళెంలో రెండు గరిటెల అన్నం, కాస్త పప్పు వేసి ఆయన బల్ల మీద పెడుతుంది. ఆయన తిని, బాగుందని పుస్తకంలో సంతకం పెట్టాకే పిల్లలకి వడ్డించాలి. అది రూలు. ఉప్పలగుంట కాలనీ బడిలో పదకొండేళ్ళుగా వంట చేస్తున్న పున్నమ్మ ఆ రూలు ఒక్కనాడూ తప్పలేదు. ఆ గురువారం ఆయన పళ్ళెం వైపు చూడకుండానే సంతకం పెట్టేశాడు.

"ఉప్పెక్కువైందా సారూ?"

"తింటే కదా తెలిసేది."

"మరి తినండి."

ఆయన సెల్‌ఫోను తిప్పి ఆమె ముందు పెట్టాడు. పున్నమ్మకి చదువు రాదు. ఆ సంగతి ఆయనకి గుర్తొచ్చి మళ్ళీ ఫోను తనవైపు తిప్పుకున్నాడు.

"సోమవారం ఎంఈవో గారు వస్తున్నారు. పిల్లల్ని ఒక్కొక్కళ్ళనీ నిలబెట్టి ఫొటో తీస్తారు. పదిమంది ఉండాలి. లేకపోతే మన బడిని హైవే అవతల పెద్దబడిలో కలిపేస్తారు."

"రిజిస్టర్లో పధ్నాలుగు మంది ఉన్నారుగా?"

"రిజిస్టర్లో ఉన్నారు పున్నమ్మా. బడిలో ఎంతమంది ఉన్నారో నువ్వే చెప్పు. వడ్డించేది నువ్వు."

పున్నమ్మ వరండాలోకి చూసింది. రిపబ్లిక్ డేకి కట్టిన రంగుకాగితాలు ఇంకా వేలాడుతున్నాయి. వాటికింద ఐదు పళ్ళాలు. ఐదో పళ్ళెం ముందు ఆమె మనవరాలు ఆరాధన, గుడ్డు మీద పెంకు వలిచి ఆ ముక్కల్ని వరసగా పేరుస్తోంది.

మిగతావాళ్ళు మిరపకోతలకి పోయారు. నలుగురు ఖమ్మం వైపు. ఐదుగురు గుంటూరు వైపు, తల్లిదండ్రుల వెంట. పొదిలి చుట్టుపక్కల కాలనీల్లో ఏటా ఇంతే. జనవరిలో తలుపులకి తాళాలు పడతాయి, ఏప్రిల్లో తీస్తారు.

"ఏప్రిల్లో రమ్మనండి ఆయన్ని. నిండుగా ఉంటుంది."

"చెప్పాను. లిస్టు పై నుంచి వచ్చిందన్నారు."

"మీకేం అవుద్ది?"

"ఇంకో ఊరు వేస్తారు. నా సంగతి వదిలెయ్. నీకే..." ఆయన మాట మధ్యలో ఆపేశాడు.

పున్నమ్మకి ఆ మిగతా సగం చెప్పనక్కర్లేదు. పెద్దబడిలో వంటకి ముగ్గురున్నారు. ఇక్కడ పొయ్యి ఆరితే తను మళ్ళీ కోతకి పోవాలి. తల్లి లేని ఆరేళ్ళ పిల్లని ఎవరింట్లో వదులుతుంది? చంకనేసుకుని పోవాలి. తన కూతుర్ని, ఆరాధన తల్లిని కూడా అలాగే తిప్పింది. బడి మొహం చూడని ఆ కూతురు చనిపోయేనాటికి కూడా ఆస్పత్రి కాగితం మీద వేలిముద్రే వేసింది.

ఆమె చేతులు కొంగుకి తుడుచుకుంది.

"ఐదుకి ఐదు కలిస్తే పది. అంతేగా సారూ?"

"అంతే."

"గుంటూరు వైపు వెళ్ళింది ఎలీషా వాళ్ళు. నేను తీసుకొస్తా."

మాస్టారు ఆమెని పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ఎక్కడని వెతుకుతావ్? నూటపాతిక కిలోమీటర్లు!"

"మేస్త్రి నంబరుందిలే," అని పున్నమ్మ ఆయన పళ్ళెం తీసి, మళ్ళీ బల్ల మీద పెట్టింది. "ముందు మీరు తినండి. రూలు."

శుక్రవారం తెల్లవారగానే ఆరాధననీ, వంటనీ పక్కింటి వెంకటేశ్వరమ్మకి అప్పజెప్పి, ఆధార్ కార్డు చూపించి బస్సెక్కింది. దర్శి, అద్దంకి, చిలకలూరిపేట. గుంటూరులో దిగి షేర్ ఆటోలో నల్లపాడు దాటి, మేస్త్రి జక్రయ్య ఫోన్లో చెప్పిన గుర్తులు పట్టుకుని, చినగుళ్ళపాలెం చేరేసరికి పన్నెండున్నర. ఊరికి ఆమడ దూరంనుంచే మిరప ఘాటు గొంతులో పట్టుకుంది. రోడ్డుకి రెండు వైపులా కల్లాల్లో ఎండుమిరప పరిచి ఉంది. దాని అంచున నీలిపట్టల గుడారాలు. వాటిలో పెద్దవాళ్ళు లేరు, చేలో ఉన్నారు. పిల్లలూ లేరు.

చంటిపిల్లకి ఉయ్యాల ఊపుతున్న ముసలమ్మని అడిగింది.

"ఎలీషా వాళ్ళ పిల్లలేరి?"

"బడికి పోయారు."

పున్నమ్మ ఒక్క క్షణం అక్కడే నిలబడిపోయింది. "ఏ బడికి?"

ముసలమ్మ గడ్డంతో చూపించింది. కల్లం వెనక, మసీదు పక్కన, పసుపు గోడల చిన్న బడి. వంటగది పొగ సన్నగా లేస్తోంది.

ఐదుగురూ అక్కడే ఉన్నారు. వరండాలో కూర్చుని తింటున్నారు. ఎలీషా కూతురు ముందు చూసి, నోట్లో ముద్దతోనే కేకేసింది: "ఒరేయ్, మన వంట నాయనమ్మ!"

వంటగదిలోంచి ఒక సన్నటి మనిషి గరిటె పట్టుకుని బయటికొచ్చింది. యాభై ఉంటాయి. చేతులకి మసి, నుదుటికి అడ్డంగా చీరచెంగు.

"ఎవరక్కా నువ్వు? వీళ్ళ నాయనమ్మవా?"

"వీళ్ళ ఊరిబడిలో వంటదాన్ని."

అంతే. ఆమె మొహం విప్పారింది. "రా, రా. ఎండలో నిలబడతావేం? నా పేరు కరీమున్. కూర్చో, తిను."

పున్నమ్మ తిన్నది. తింటూనే చూసింది. అన్నం పొడిపొడిగా ఉంది. పప్పులో పాలకూర ఉంది, నీళ్ళపప్పు కాదు. గిన్నెలు బూడిదతో తోమినవి. తప్పుపట్టడానికేమీ దొరకలేదు. అప్పుడు పిల్లల పళ్ళాల్లోకి చూసింది. ఊరిపిల్లలు ఆరుగురి ముందు ఒక్కో గుడ్డు ఉంది. తన ఐదుగురి ముందు అరముక్కలు.

"గుడ్డు కోశావేం?"

కరీమున్ గొంతు తగ్గించింది. "ఈ ఐదుగురికీ పేర్లు లేవక్కా. ఆరుగురికే గుడ్లొస్తాయి. మేడం చేతిడబ్బు పెట్టి మూడు తెప్పిస్తుంది. వాటినే కోస్తా. పసివాళ్ళు, పక్కవాడికి మొత్తం పెట్టి వీడికి పెట్టకుండా ఎలా ఉంటాం?"

"మరి పేర్లెక్కించమను."

"మీ సారు వదిలితేనే ఎక్కుతాయట. ఏం మనిషో ఏంటో, అడిగితే కసురుతాడేమోనని మేడం ఇంకా అడగలేదు."

పున్నమ్మకి పౌరుషం వచ్చింది. "మా సారా? చీమకి కూడా చెయ్యెత్తడు. అడగమను. పిల్లలకి గుడ్డంటే ఆయన వెంటనే వదిలేస్తాడు. నేను చెప్పానను."

పదకొండేళ్ళు పళ్ళాలు లెక్కపెట్టిన మనిషి. అరగుడ్డు చూసి ఊరుకోలేకపోయింది. పేరంటే ఆమెకి పుస్తకంలో ఒక గీత. ఇక్కడ ఒక పుస్తకంలో ఉంటుంది, అక్కడ ఒక పుస్తకంలో ఉంటుంది. తప్పేముంది?

గిన్నెలు తోముతుండగా అసలు సంగతి బయటికొచ్చింది. ముందు చెప్పింది కరీమునే.

"మంగళవారం మాకు తనిఖీ అక్కా. పదిమంది లేకపోతే ఈ బడి ఎత్తేస్తారట. ఈ ఐదుగురూ దేవుడు పంపినట్టొచ్చారు."

పున్నమ్మ చేతిలో పీచు ఆగిపోయింది.

"మాకు సోమవారం," అంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కరీమున్ మెల్లగా లేచి వంటగది తలుపు దగ్గరికేసింది.

"అందుకొచ్చావా? పిల్లల్ని తీసుకుపోవడానికి?"

"అందుకే."

"నా అన్నం తిని!"

"తిన్నాకే కదా తెలిసింది."

బయట పిల్లలు చేతులు కడుక్కుంటూ నీళ్ళు చల్లుకుంటున్నారు. ముందు తేరుకున్నది పున్నమ్మే.

"మాకు సోమవారం. మీకు మంగళవారం. రోజు తేడా ఉంది. ఆదివారం తీసుకెళ్తా, సోమవారం ఫొటో దిగగానే మధ్యాహ్నం బస్సెక్కించి రాత్రికి నీ ముందు నిలబెడతా. పొద్దున్నే మీ ఆఫీసరు ముందు నిలబడతారు. నీదీ నిలబడుద్ది, నాదీ నిలబడుద్ది."

"పిల్లలు అలిసిపోరూ?"

"బస్సంటే ఎగురుతారు."

కరీమున్ చాలాసేపు ఆలోచించింది. "మేడంకి చెప్పకూడదు. ఆమెకి భయమెక్కువ. సోమవారం జ్వరాలని చెప్తా." తర్వాత తడిచెయ్యి చాపింది. "మాటిస్తావా అక్కా?"

పున్నమ్మ తన తడిచెయ్యి ఆ చేతిలో వేసింది.

ఎలీషా తేలిగ్గానే ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది మేస్త్రి జక్రయ్య. ముఠాని తెచ్చినవాడు, రైతుకి జవాబు చెప్పుకోవాల్సినవాడు.

"పిల్లలు కంటిముందు లేకపోతే తల్లులు చేలో నిలుస్తారా? ఇవాళ బడన్నావు, రేపు జాతరంటావు. నాకు చెయ్యి తగ్గితే రైతు నన్ను బతకనిస్తాడా?"

"చెయ్యి తగ్గకుండా నేనొస్తాలే. శనివారం, ఆదివారం పొద్దున. కోస్తా."

"నువ్వా? గరిటె తిప్పేదానివి, మిరప కోస్తావా?"

"నువ్వు చెడ్డీ వేసుకుని తిరిగేప్పుడే కోశాన్రా, జక్రీ!"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పడిపడి నవ్వారు. ఆ నవ్వుతో పని అయిపోయింది.

శనివారం పొద్దున్నించి సందె దాకా కోసింది. కాయని తొడిమతో సహా తుంచాలి, కొమ్మ విరగకూడదు, తెల్లబారిన తాలుకాయ పండుకాయలో కలవకూడదు. వేళ్ళకి పాతపని గుర్తుంది. నడుముకి లేదు. మధ్యాహ్నానికి వేళ్ళ సందులు మండడం మొదలెట్టాయి. పొరపాటున కన్ను తుడుచుకుని, సాలు మధ్యలో కూలబడి, కళ్ళు మూసుకుని పదినిమిషాలు అలాగే ఉండిపోయింది. ఇదే తన బతుకైతే? పక్కసాలులో ఆరాధన గోనెపట్టా మీద కూర్చుని తాలుకాయలు ఏరుతూ ఉంటే? లేచి మళ్ళీ కోసింది.

సెల్‌ఫోను శుక్రవారం రాత్రే ఆరిపోయింది. గుడారంలో కరెంటు లేదు. ఎవరు చేశారో, ఎన్నిసార్లు చేశారో ఆమెకి తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం ఐదుగురినీ బస్సెక్కించింది. అద్దంకి దాటేదాకా పాటలు, తర్వాత వాంతులు, తర్వాత నిద్ర. ఉప్పలగుంటలో దిగేసరికి చర్చిలో సాయంత్రం ప్రార్థన నడుస్తోంది. ఐదుగురికీ తన పొయ్యి మీదే వండిపెట్టింది. ఆరాధన వాళ్ళ మధ్యలో దూరి కూర్చుంది. పళ్ళాలు ఆరు. పున్నమ్మకి ఎన్నాళ్ళకో ఆకలేసింది.

సోమవారం ఎనిమిదిన్నరకే పదిమందికీ తలలకి నూనె రాసి, దువ్వి, వరండాలో వరసగా నిలబెట్టింది. ఖాదర్ వలి మాస్టారు బండి స్టాండు వేసి తలెత్తి చూశాడు. ఆయన మొహంలో సంతోషం వస్తుందనుకుంది పున్నమ్మ. మొహం పాలిపోయింది.

"ఎప్పుడొచ్చారు వీళ్ళు?"

"రాత్రి. చెప్పానుగా తెస్తానని."

"ఫోను ఎన్నిసార్లు చేశాను పున్నమ్మా! శనివారమంతా చేశాను..."

ఇంతలో ఎంఈవో గారి కారు వచ్చేసింది.

ఆయన చెడ్డ మనిషేం కాదు. పిల్లల్ని పేరుపేరునా పిలిచి, బుగ్గ తట్టి, ట్యాబు ఎత్తి ఫొటో తీశాడు. ఆరాధన, ఇంకో నలుగురు. ఐదు పచ్చగా వెలిగాయి. ఎలీషా కూతురు దగ్గరికొచ్చేసరికి ట్యాబు ఎర్రగా వెలిగింది. మళ్ళీ తీశాడు. ఎరుపే. తర్వాతి నలుగురివీ అంతే.

"వీళ్ళు మీ పిల్లలు కాదుగా మాస్టారూ. గుంటూరు జిల్లాలో చూపిస్తోంది. శనివారం మీరే పేర్లు వదిలారు."

"మా పిల్లలేనండీ!" పున్నమ్మ ముందుకొచ్చింది. "పురిట్లోంచి ఎరుగుదును. అడగండి వాళ్ళని, ఏ ఊరో చెప్తారు."

"ఊరు కాదమ్మా, పేరు. పేరు ఒక్క బడిలోనే ఉంటుంది."

మాస్టారు కుర్చీలో కూర్చుండిపోయాడు. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"చినగుళ్ళపాలెం బడి నుంచి ఖుర్షిదా మేడం అని ఒకావిడ ఫోన్ చేసింది. పిల్లలకి అరగుడ్డు పెడుతున్నాం సార్, పేర్లు వదలండి అని ఏడ్చినంత పని చేసింది. మీ వంటావిడే చెప్పమందని కూడా అంది. ఇక నువ్వు తీసుకురాలేకపోయావు, కనీసం గుడ్డయినా తిననివ్వమని కబురు పంపావు అనుకున్నాను. వదిలేశాను."

పున్నమ్మ చెవిలో తన మాటే మళ్ళీ మోగింది. వెంటనే వదిలేస్తాడు. నేను చెప్పానను.

ఎంఈవో గారు గడియారం చూసుకున్నాడు. "సాయంత్రం ఐదు దాకా నాకు టైముంది. ఆ టీచరు వెనక్కి వదిలితే మీ లెక్కలో వేస్తాను. ఇంతకన్నా నేను చెయ్యగలిగింది లేదు." ఇంకో ఊరుందని కారెక్కి వెళ్ళిపోయాడు.

మాస్టారు, బడిలో చార్జింగుకి పెట్టిన ఆమె ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఆ మేడం వదలదు. ఎలా వదులుతుంది? కానీ పిల్లలు నీ దగ్గరున్నారు పున్నమ్మా. పేర్లు వాళ్ళ దగ్గరున్నా, పిల్లలు లేకపోతే రేపు వాళ్ళ తనిఖీ కూడా పోతుంది. పేర్లు వదిలితేనే బస్సెక్కిస్తానని చెప్పు. ఎటూ వాళ్ళది నిలవదని తెలిస్తే వదులుతుంది, బేరమాడు." ఆయన గొంతు ఆయనకే నచ్చలేదు. "నేను చెడ్డవాణ్ణి కాదు. కానీ ఇంకో దారి లేదు."

పున్నమ్మ మేడంకి కాకుండా కరీమున్‌కి చేసింది. రెండో రింగుకే ఎత్తింది.

"అక్కా! అయిపోయిందా ఫొటో? బస్సెక్కారా?"

పున్నమ్మ వరండా చివరికి నడిచింది. ఐదుగురు పిల్లలూ రంగుకాగితాలు అందుకోవడానికి ఎగురుతున్నారు. గంజి కాగే వాసన వస్తోంది.

"అవలేదు. పేర్లు మీ దగ్గరున్నాయంట. మాకు చెల్లదంట."

కరీమున్‌కి అర్థమైంది.

"అయితే... పంపవా అక్కా?"

పున్నమ్మ నాలుక మీదికి ఆ మాట వచ్చింది. పేర్లు వదిలితే పంపుతా. మూడు మాటలు. మాస్టారు దూరం నుంచి చూస్తున్నాడు.

"మీ బడి పోతే ఏం చేస్తావు కరీమూ?"

"ఏం చేస్తా, కోతకి పోతా. ఇంకేం వచ్చు మనకి? మా అబ్బాయికి ఫిట్స్ అక్కా. వాణ్ణి బడి వరండాలో కూర్చోబెట్టుకుని వండుకుంటా. చేలోకి ఎలా తీసుకుపోనూ? మొన్న నువ్వొచ్చినప్పుడు గదిలో పడుకున్నాడు, చూళ్ళేదు నువ్వు." తర్వాత, ఇంకా చిన్నగా: "నువ్వు చెయ్యేసి చెప్పావు."

పున్నమ్మ ఫోను చెవికి పెట్టుకుని అలాగే నిలబడింది. కోపం రావాలి. ఎవరి మీద రావాలో తెలియలేదు.

"ఒంటిగంట బస్సుకి ఎక్కిస్తా," అంది. "రాత్రికి అన్నం వండి ఉంచు. ఆరుగురు పిల్లలకి."

"ఐదుగురే కదక్కా?"

"ఆరుగురికి."

పున్నమ్మ పిల్లలకి ఆ రోజు పదకొండున్నరకే వడ్డించింది. గుడ్లు ఐదే ఉన్నాయి. కత్తిపీట వేసుకుని ఒక్కో గుడ్డునీ సగానికి కోసింది. తర్వాత పొయ్యిలో నీళ్ళు చల్లి, గిన్నెలన్నీ బోర్లించి, వంటగది తాళంచెవి బల్ల మీద పెట్టింది. ఆరాధన బట్టలు గోనెసంచిలో కుక్కింది.

బస్సు దగ్గరికి మాస్టారు బండి మీద వచ్చాడు. చేతిలో ఒక కాగితం.

"కలెక్టరాఫీసుకి అర్జీ రాశాను. బడి ఉంచమని. ఉన్న ఐదుగురి తరఫున. ముందు నువ్వు వేలిముద్ర వెయ్యి."

ఆమె వేసింది. మిరపకి పగిలిన బొటనవేలికి ఆ సిరా చురుక్కుమంది.

రాత్రి ఎనిమిదిన్నరకి కరీమున్ బడి గేటు దగ్గరే నిలబడి ఉంది. పిల్లల్ని ఒక్కొక్కళ్ళనీ తడుముతూ లెక్కపెట్టుకుంది. పున్నమ్మని చూసి, ఆమె చేతిలో సంచి అందుకుని లోపలికి నడిచింది.

మంగళవారం పొద్దున పదకొండు ఫొటోలూ పచ్చగా వెలిగాయట. పున్నమ్మ చూడలేదు. చేలో ఉంది. జక్రయ్య ఆమెకి చివరి సాలు ఇచ్చాడు, ఎగతాళి చెయ్యలేదు. పదిన్నరకి ఎలీషా తన ఫోను పట్టుకుని సాళ్ళు దాటుకుంటూ వచ్చాడు.

"పెద్దమ్మా, మీ సారు."

"పున్నమ్మా," ఖాదర్ వలి గొంతు బొంగురుగా ఉంది. "ఖుర్షిదా మేడం అడుగుతోంది. ఆరాధన వాళ్ళ బడిలో కూర్చుందట. పేరు లేకపోతే పుస్తకం రాదు, గుడ్డు రాదు, వదలమంటోంది. నేను ఇంకా బటన్ నొక్కలేదు. కలెక్టరాఫీసులో అర్జీ తీసుకున్నారు. విచారణకి వస్తామన్నారు. మొదటి వేలిముద్ర నీది. నీ మనవరాలి పేరే లేదని తెలిస్తే ఇక ఆ కాగితం చించి అవతల పారేస్తారు." ఆగాడు. "పది రోజులు ఆగుదామా? ఏమంటావు? నువ్వు ఆగమంటే ఆగుతా."

సాలు చివర నుంచి కల్లం కనిపిస్తోంది. కల్లం వెనక బడి. విరామం అయిపోయి పిల్లలు లోపలికి పోతున్నారు. అంతదూరం నుంచి ఏ పిల్ల ఎవరో ఆనవాలు పట్టలేకపోయింది. పది రోజులు. పది అరముక్కలు. పదకొండేళ్ళ పొయ్యి.

"ఏప్రిల్లో మేం తిరిగొచ్చినప్పుడు సారూ," అంది పున్నమ్మ, "మీరక్కడ ఉంటారా?"

"ఇంకో ఊరు వేస్తారని చెప్పానుగా," అన్నాడాయన.

"నొక్కెయ్యండి."

ఎలీషాకి ఫోను ఇచ్చేసింది. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యెత్తి, చేతికి మిరప ఘాటుందని గుర్తొచ్చి, దించేసి, పక్కమొక్కకి వంగింది.